ఇల్లు మారితే సెటాప్ బాక్స్ కూడా మార్చాలా? పాత కార్డు కొత్త బాక్సులో ఎందుకు పనిచేయదు?

శ్రీనిలయం
ఆదివారం, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. చాలా ఏళ్లు తిరుపతి బైరాగిపట్టెడలో అద్దెకు ఉండి, పోయిన నెల తిరుచానూరు వైపు సొంతింట్లోకి వచ్చాం. ఫ్రిజ్జు, బీరువా, టీవీ అన్నీ వచ్చాయి, కేబుల్ ఒక్కటి రాలేదు. ఇక్కడి ఆపరేటర్ వేరే. "మీ బాక్స్ మా లైనులో పనిచేయదు సార్, మాది కొనాలి" అంటున్నాడు. పాత బాక్సుకు అప్పట్లో 1500 కట్టాను. బాక్స్ బాగుంది, రిమోట్ కూడా బాగుంది.

ఆ బాక్స్ వెనక చిన్న కార్డు ఉంటుంది కదా, ఏటీఎం కార్డులా బంగారు రంగు చిప్ ఉన్నది. అసలు సంగతంతా ఆ కార్డులోనే ఉంటుందని ఎవరో చెబితే, మా బావమరిది ఇంట్లో ఉన్న బాక్సులో పెట్టి చూశాను. రాలేదు. నా బాక్సులో వాళ్ల కార్డు పెట్టినా రాలేదు. తీసేలా ఉన్న కార్డు తీసి పెడితే పనిచేయకపోతే, అసలు తీసేలా ఎందుకు చేశారు? మా టీవీ వెనక కూడా కార్డులాంటిది పెట్టే సన్నని స్లాట్ ఒకటి ఉంది. అది దేనికి?

మా అమ్మకు 74 ఏళ్లు. మధ్యాహ్నం ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణోత్సవం చూడకుండా అన్నం ముట్టదు. నెల నుంచి ఫోన్‌లో పెట్టిస్తున్నాను కానీ ఆ చిన్న తెర ఆమెకు ఆనడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

చిత్తూరు కేబుల్
ఆదివారం, రాత్రి 8:52

అన్నా, నేను చిత్తూరు గ్రీమ్స్‌పేట వైపు 19 ఏళ్లుగా కేబుల్ నడుపుతున్నాను. మీరు చేసినట్టే మా దగ్గర నెలకు ఇద్దరు ముగ్గురు చేసి ఫోన్ చేస్తారు. ముందు ఒక విషయం చెప్పండి. కార్డు మార్చినప్పుడు తెర మీద ఏం వచ్చింది? "కార్డు పెట్టండి" అని వచ్చిందా, "కార్డు చెల్లదు" అని వచ్చిందా, "పెయిర్ కాలేదు" అని వచ్చిందా? మూడూ వేర్వేరు జబ్బులు.

శ్రీనిలయం
ఆదివారం, రాత్రి 9:05

మా బావమరిది బాక్సులో నా కార్డు పెడితే పెయిర్ కాలేదని వచ్చింది తమ్ముడూ. వాళ్లది మా పాత కంపెనీయే. ఇక్కడి కొత్త ఆపరేటర్ బాక్సులో పెడితే అసలు కార్డే లేదన్నట్టు చూపించింది.

చిత్తూరు కేబుల్
ఆదివారం, రాత్రి 9:31

అయితే అర్థమైంది. మొదటిది పెయిరింగ్. ప్రతి కార్డుకూ వీసీ నంబర్, అంటే వ్యూయింగ్ కార్డ్ నంబర్, ఉంటుంది, ప్రతి బాక్సుకూ తన నంబర్ ఉంటుంది. యాక్టివేషన్ చేసేటప్పుడు, మాకు పై నుంచి సిగ్నల్ ఇచ్చే పెద్ద కంపెనీ (ఎంఎస్‌ఓ) సర్వర్‌లో ఆ రెండింటినీ జత చేస్తారు. ఆ జత విడిపోతే బొమ్మ రాదు. అలా జత చేయాలని ప్రభుత్వ నిబంధనే ఉంది, మేం కావాలని పెట్టింది కాదు.

రెండోది వేరే. మీ కొత్త ఏరియా ఎంఎస్‌ఓ వాడే తాళం వేరే కంపెనీది. ఆ తాళాన్నే మేం క్యాస్ అంటాం. ఆ బాక్సుకు మీ కార్డు భాషే తెలియదు. ఇంకో మాట, ఈమధ్య వస్తున్న బాక్సుల్లో చాలావాటికి కార్డే లేదు. తాళం లోపలి చిప్‌లోనే ఉంటుంది. స్లాట్ కనిపించినా లోపల ఖాళీ.

రిటైర్డ్ ట్రాన్స్‌మిషన్
ఆదివారం, రాత్రి 10:20

శ్రీనిలయం గారూ, ప్రసార ఇంజనీరింగ్‌లో 30 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. "తీసేలా ఎందుకు చేశారు" అన్న మీ ప్రశ్న చాలా మంచిది. దానికి జవాబు రావాలంటే కార్డు చేసే పని తెలియాలి.

ఛానల్ శాటిలైట్ నుంచి ఎంఎస్‌ఓ హెడ్‌ఎండ్‌కు, అంటే సిగ్నళ్లన్నీ చేరే వాళ్ల కేంద్రానికి, వస్తుంది. అక్కడ బ్రాడ్‌కాస్టర్ ఇచ్చిన రిసీవర్‌లో దాని తాళం తీస్తారు. పది పన్నెండు ఛానళ్లను ఒక కట్టగా కట్టి, మళ్లీ తమ సొంత తాళం వేసి, ఫైబర్ మీదుగా మీ వీధిలోని నోడ్ అనే డబ్బా దాకా, అక్కడి నుంచి కోయాక్సియల్ వైరులో మీ ఇంటికి పంపిస్తారు. అంటే మీ ఇంటికి వచ్చే వైరులో అన్ని ఛానళ్లూ ఎప్పుడూ ఉంటాయి, మీరు కొన్నవీ కొననివీ. గజిబిజి చేసి ఉంటాయి, అంతే.

ఆ గజిబిజిని విప్పే తాళంచెవిని కంట్రోల్ వర్డ్ అంటారు. అది ఒకటే ఉండిపోతే ఎవరో కనిపెట్టేస్తారని సుమారు 10 సెకన్లకోసారి మార్చేస్తారు. మారిన చెవిని కూడా అదే వైరులో, ఇంకో పెట్టెలో పెట్టి తాళం వేసి పంపుతారు. ఆ సందేశం పేరు ఈసీఎం. ఆ పెట్టెను తెరవగలిగేది మీ కార్డు మాత్రమే. కార్డు ఈసీఎంను విప్పి కంట్రోల్ వర్డ్ తీసి బాక్సుకు అందిస్తుంది, బాక్స్ బొమ్మను విప్పుతుంది. సీరియల్ చూస్తున్న గంటలో మీ కార్డు ఈ పని సుమారు 360 సార్లు చేస్తుంది.

ఇక మీరు డబ్బు కట్టారా లేదా అన్నది కార్డుకు ఎలా తెలుస్తుంది? దానికి ఈఎంఎం అని ఇంకో సందేశం. అది మీ కార్డు నంబర్ పేరిట వచ్చే ఉత్తరంలాంటిది: "ఫలానా కార్డుకు ఫలానా తేదీ దాకా ఈ ఛానళ్లు ఇవ్వవచ్చు". లక్షల కార్డుల ఉత్తరాలు వరుసగా తిరుగుతూనే ఉంటాయి. మీ వంతు వచ్చేటప్పటికి బాక్స్ ఆఫ్‌లో ఉంటే ఆ ఉత్తరం అందదు. డబ్బు కట్టాక "బాక్స్ ఆన్‌లోనే ఉంచండి, కాసేపట్లో వస్తుంది" అని కేబుల్ అబ్బాయి చెప్పేది అందుకే. అది తప్పించుకోవడానికి చెప్పే మాట కాదు.

పెయిరింగ్ సంగతి మన ఊరి లెక్కలో చెబుతాను. శ్రీనివాసంలోనో విష్ణునివాసంలోనో సర్వదర్శనం టోకెన్ ఆధార్ చూసి ఇస్తారు. టోకెన్ మీ చేతిలో ఉన్నా ఆధార్ సరిపోకపోతే లోపలికి పంపరు. టోకెన్ నిజమైనదే, మనిషి వేరు. మీ కార్డు మీ బావమరిది బాక్సులో చూసింది సరిగ్గా అదే.

తీసేలా చేయడానికి అసలు కారణం మన సౌకర్యం కాదు. దొంగలు ఎప్పుడైనా ఆ తాళాన్ని ఛేదిస్తే, బాక్సులన్నీ మార్చకుండా కార్డులు మాత్రమే మార్చుకోవచ్చని కంపెనీలు అలా చేశాయి.

పుత్తూరు అమ్మాయి
సోమవారం, ఉదయం 7:10

సార్, చాలా బాగా చెప్పారు. బీటెక్‌లో చదివినప్పుడు కూడా నాకు ఇంత బాగా అర్థం కాలేదు. ఒక అనుమానం. ఎస్వీబీసీ ఉచిత ఛానల్ కదా, సప్తగిరి కూడా ఉచితమే. మరి డబ్బు కట్టకపోతే అవి కూడా ఎందుకు ఆగిపోతాయి? వాటికి తాళం ఎందుకు?

చిత్తూరు కేబుల్
సోమవారం, ఉదయం 8:02

చెల్లెమ్మా, ఛానల్ ఉచితమే గానీ వైరు ఉచితం కాదు. డిజిటల్ కేబుల్ చట్టంలో ఉచితమైనా పే ఛానల్ అయినా అన్నీ ఎన్‌క్రిప్ట్ చేసే పంపాలని ఉంది. ఛానల్ ధర సున్నా అయినా నెట్‌వర్క్ చార్జీ ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో కొత్త టారిఫ్ అమలైనప్పుడు 100 ఛానళ్లకు 130, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. తర్వాత అదే 130కి 200 ఛానళ్లు చేశారు. 2024లో ఆ పరిమితి కూడా తీసేసి రేటును మార్కెట్‌కు వదిలేశారు.

ఇంట్లో డబ్బు కట్టడం ఆలస్యమైతే ముసలివాళ్లకు భక్తి ఛానల్ కూడా పోతుంది. నాకు తెలిసిన ఇళ్లల్లో నేను రెండు మూడు రోజులు ఓపిక పడతాను. కానీ పై నుంచి సిస్టమే ఆపేస్తే నా చేతిలో ఏమీ లేదు.

రిటైర్డ్ ట్రాన్స్‌మిషన్
సోమవారం, ఉదయం 9:15

దీనికి చరిత్ర కొంచెం కలుపుతాను. అనలాగ్ రోజుల్లో తాళమే లేదు. వైరు వచ్చిందంటే అన్నీ వచ్చినట్టే. ఎన్ని ఇళ్లున్నాయో ఆపరేటర్ చెప్పిందే లెక్క. పే ఛానళ్లకూ ఆపరేటర్లకూ రోజూ గొడవే. అందుకని 2002లో చట్టం సవరించి క్యాస్ తెచ్చారు. చెన్నైలో 2003 సెప్టెంబరు 1న మొదలైంది. మనకు పక్క ఊరే కాబట్టి, పండక్కి వెళ్లిన మనవాళ్లు టీవీ మీద పెట్టెలు చూసి ఆశ్చర్యపోయి వచ్చేవాళ్లు. ఢిల్లీ, ముంబై, కోల్‌కతాల్లో కొన్ని భాగాలకు 2006 డిసెంబరు ఆఖరు దాకా రాలేదు.

ఆ తర్వాత 2011 చట్ట సవరణతో దేశమంతా దశలవారీగా డిజిటల్ చేశారు. 2012 అక్టోబరు 31 గడువుతో నాలుగు మహానగరాలు, 2013 మార్చి 31 గడువుతో హైదరాబాద్, విశాఖతో కలిపి 38 నగరాలు. తిరుపతి, చిత్తూరు మూడో దశ. గడువు 2015 డిసెంబరు అన్నారు, కోర్టు కేసులతో 2017 జనవరి దాకా సాగింది. పల్లెలు నాలుగో దశ. అంటే మన ఊళ్లల్లో ఈ బాక్సులు వచ్చి నిండా పదేళ్లు కావస్తోంది, అంతే.

అప్పుడు దేశానికంతా ఒకే తాళం పెట్టి ఉంటే ఈ రోజు శ్రీనిలయం గారికి ఈ ఇబ్బంది ఉండేది కాదు. ఎవరి తాళం వాళ్లు తెచ్చుకున్నారు.

మామిడితోట
సోమవారం, రాత్రి 9:40

నేను బంగారుపాళ్యం దగ్గర ఊరివాణ్ణి. న్యూజెర్సీలో 14 ఏళ్లు ఉద్యోగం చేసి, నాన్నకు ఒంట్లో బాగాలేక తిరిగి వచ్చేశాను. శ్రీనిలయం గారు అడిగిన "కార్డు తీసి ఇంకో బాక్సులో పెట్టడం" అనే ఆలోచనను అమెరికాలో ఏకంగా చట్టం చేశారు. దాన్ని నేను చేతులారా వాడాను కాబట్టి చెబుతున్నాను.

అక్కడ 1996 టెలికాం చట్టంలో 629వ సెక్షన్ ఉంది. కేబుల్ కంపెనీ బాక్సే కొనాలన్న బలవంతం ఉండకూడదు, బయట దుకాణంలో కొన్న బాక్స్ కూడా పనిచేయాలి అని దాని సారం. 1998లో ఎఫ్‌సీసీ, అంటే టెలికాం, కేబుల్ రంగాలను నియంత్రించే మన ట్రాయ్ లాంటి సంస్థ, తాళాన్ని బాక్స్ నుంచి విడదీయమని ఆదేశించింది. అలా పుట్టిందే కేబుల్‌కార్డ్. మన బాక్సులో ఉండే పల్చటి కార్డులాంటిది కాదు. పాత లాప్‌టాప్‌లలో పక్కన దోపే పీసీ కార్డు గుర్తుందా, అది. ఏటీఎం కార్డంత పొడవు వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం. గజిబిజిని విప్పే పనంతా ఆ కార్డే చేస్తుంది. విప్పిన బొమ్మను మధ్యలో ఎవరూ కాపీ చేసుకోకుండా మళ్లీ ఇంకో తాళం వేసి మన బాక్సుకు ఇస్తుంది.

2004 నుంచి కేబుల్ కంపెనీలు కార్డులు ఇవ్వడం మొదలుపెట్టాయి. కానీ తమ సొంత బాక్సుల్లో మాత్రం లోపల అతికించిన తాళాలే వాడుకునేవి. అందుకని 2007 జులై 1 నుంచి, "మీ బాక్సుల్లో కూడా విడి కార్డే వాడాలి" అని నిబంధన పెట్టారు. తాము తినే అన్నమే పక్కవాడికీ పెట్టాలన్నట్టు.

నేను టీవో బాక్స్ కొన్నాను, రికార్డింగ్‌కు అంత మంచి పెట్టె ఇంకోటి లేదు. మొదట వచ్చినవి ఒక ఛానలే విప్పే కార్డులు, తర్వాత ఎం-కార్డ్ వచ్చింది, ఒకేసారి ఆరు ఛానళ్లు విప్పుతుంది. ఒక కార్డు మీద నలుగురు నాలుగు చూడొచ్చు, రికార్డు చేసుకోవచ్చు. పనిచేసినప్పుడు అద్భుతంగా ఉండేది. నెలనెలా బాక్స్ అద్దె లేదు, పెట్టె నా సొంతం.

కానీ అది పనిచేసే దాకా నేను పడ్డ పాట్లు చెప్పాలి. మొదటిసారి మనిషి వచ్చాడు, కార్డు ఎటువైపు దోపాలో అతనికి తెలియలేదు. రెండోసారి వచ్చిన మనిషి తెచ్చిన మూడు కార్డుల్లో రెండు పాడైనవి. కార్డు పెట్టగానే తెర మీద కార్డు నంబర్, బాక్స్ నంబర్, ఇంకో పొడవాటి నంబర్ వస్తాయి. అవి ఫోన్‌లో చదివి వినిపించాలి. ఒక్క అంకె అటూ ఇటూ అయినా జత కాదు. నేను ఒక శనివారం మధ్యాహ్నం నుంచి చీకటి పడే దాకా నలుగురు వేర్వేరు మనుషులకు అవే నంబర్లు చదివాను. నాలుగో ఆవిడ నిదానంగా రెండుసార్లు తిరిగి చదివించుకుంది. రెండు నిమిషాల్లో బొమ్మ వచ్చింది. అంటే యంత్రంలో లోపం లేదు. ఆ పని నేర్చుకోవాలన్న శ్రద్ధ కంపెనీకి లేదు. ఆ కంపెనీకి తన బాక్స్ అద్దె కావాలి, నా బాక్స్ బాగా పనిచేస్తే దానికి ఏం లాభం?

ఎస్వీయూ హాస్టల్
సోమవారం, రాత్రి 10:05

అన్నా, మరి ఇప్పుడు అక్కడ అందరూ అదే వాడుతున్నారా?

మామిడితోట
సోమవారం, రాత్రి 10:48

లేదు తమ్ముడూ. రెండు విషయాలు దాన్ని దెబ్బతీశాయి. ఒకటి, ఆ కార్డు వినడమే గానీ తిరిగి మాట్లాడలేదు. తర్వాత కేబుల్ కంపెనీలు వైరులో చోటు మిగుల్చుకోవడానికి కొన్ని ఛానళ్లను ఎవరైనా అడిగితేనే పంపే పద్ధతి పెట్టాయి, స్విచ్డ్ వీడియో అంటారు. కంపెనీ బాక్స్ "నాకు ఫలానా ఛానల్ కావాలి" అని అడగగలదు, నా టీవో అడగలేదు. దానికి ట్యూనింగ్ అడాప్టర్ అని ఇంకో డబ్బా ఇచ్చారు, యూఎస్‌బీకి తగిలించాలి. పెట్టెలు తగ్గించుకుందామనుకుంటే ఇంకో పెట్టె వచ్చింది.

రెండోది, 2014లో అమెరికా పార్లమెంటు ఒక చట్టంతో 2007 నాటి ఆ నిబంధనను ఎత్తేసింది, 2015 డిసెంబరు నుంచి అది లేదు. తర్వాత 2016లో ఎఫ్‌సీసీ కార్డే లేకుండా, సాఫ్ట్‌వేర్‌తో బాక్సులను విడిపించాలని ఒక ప్రయత్నం చేసింది, అదీ పూర్తికాలేదు. 2020లో కార్డుల మీద మిగిలిన నిబంధనలనూ తీసేశారు. ఈలోగా జనం ఇంటర్నెట్‌లో చూడడం మొదలుపెట్టారు.

చిత్తూరులో ఉన్న మా అత్తగారింట్లో వాడదామని ఒకేసారి మూడు ఛానళ్లు పట్టే కేబుల్‌కార్డ్ పెట్టె ఒకటి మోసుకొచ్చాను. ఇక్కడ ఏమైనా పనికొస్తుందా సార్? పారేయడానికి మనసు రావడం లేదు.

రిటైర్డ్ ట్రాన్స్‌మిషన్
మంగళవారం, ఉదయం 6:30

బాబూ, పనికిరాదు. కార్డు సంగతి అటుంచండి, అసలు సిగ్నలే పట్టదు. అమెరికా కేబుల్‌లో ఒక్కో కట్టకు 6 మెగాహెర్ట్జ్ వెడల్పు, వాళ్ల క్వామ్ పద్ధతి, అంటే వైరులోకి సిగ్నల్ ఎక్కించే తీరు, వేరు. మనది యూరప్ వాళ్ల డీవీబీ-సీ, 8 మెగాహెర్ట్జ్. రెండూ క్వామే, కానీ తప్పులు దిద్దుకునే పద్ధతి, ప్యాకెట్ల అమరిక వేరు. ఒకరి ట్యూనర్ ఇంకొకరిది లాక్ చేయదు.

శ్రీనిలయం గారు అడిగిన టీవీ వెనక స్లాట్ సంగతి ఇక్కడే చెబుతాను. దాని పేరు కామన్ ఇంటర్‌ఫేస్. అదీ పీసీ కార్డు ఆకారమే. యూరప్ వాళ్లు దారి ఇలా వేసుకున్నారు: టీవీలో ట్యూనర్ ఉంటుంది, స్లాట్‌లో క్యామ్ అనే డబ్బా పెడతారు, ఆ క్యామ్‌లో ఆపరేటర్ ఇచ్చిన చిన్న కార్డు దోపుతారు. ఆపరేటర్ మారితే క్యామ్, కార్డు మారతాయి. టీవీ, రిమోట్ అవే ఉంటాయి. ఒక పరిమాణం దాటిన డిజిటల్ టీవీలకు అలాంటి స్లాట్ ఉండాలని 2002లోనే యూరప్ నిబంధన పెట్టింది. తర్వాత కాపీ రక్షణ పెంచి సీఐ ప్లస్ తెచ్చారు. అక్కడ అది ఇప్పటికీ బతికే ఉంది.

ఇక్కడ మీ టీవీకి స్లాట్ ఉన్నా, అందులో పెట్టే క్యామ్‌ను మీ ఎంఎస్‌ఓ ఇవ్వాలి కదా. ఇవ్వరు. తలుపు ఉంది, తాళంచెవి ఇచ్చేవాళ్లు లేరు.

పలమనేరు
మంగళవారం, ఉదయం 11:20

మాది కర్ణాటక సరిహద్దు. ఇంట్లో నేను తెలుగు చూస్తాను, మా ఆవిడది ముళబాగిలు, ఆమెకు కన్నడ కావాలి, కింద వాటాలో ఉన్నవాళ్లకు తమిళం. మా ఏరియా కేబుల్‌లో మూడు భాషలు కలిపి తీసుకుంటే బిల్లు పెరుగుతుందని డిష్ పెట్టించుకున్నాను. రెండేళ్ల తర్వాత ఇంకో డీటీహెచ్ కంపెనీకి మారదామంటే మళ్లీ కొత్త బాక్స్, కొత్త గొడుగు. డీటీహెచ్ బాక్సులు ఒకదానిలో ఒకటి పనిచేయాలని లైసెన్సులోనే ఉందని విన్నాను. నిజమేనా సార్?

రిటైర్డ్ ట్రాన్స్‌మిషన్
మంగళవారం, మధ్యాహ్నం 12:40

నిజమే. 2001 నాటి డీటీహెచ్ మార్గదర్శకాల్లోనే బాక్స్ ఒక కంపెనీకి కట్టుబడి ఉండకూడదని ఉంది. అందుకే పాత డీటీహెచ్ బాక్సులు కొన్నింటికి కామన్ ఇంటర్‌ఫేస్ స్లాట్ ఉండేది. కాగితం మీద నిబంధన నెరవేరింది. కానీ క్యామ్ కొనాలంటే కొత్త బాక్సుతో సమానంగానో ఎక్కువగానో అయ్యేది, కంపెనీలు కొత్త బాక్సులు రాయితీలో ఇచ్చేవి. ఎవరు కొంటారు? పైగా బొమ్మను కుదించి పంపే పద్ధతుల్లో కొందరు పాత ఎంపెగ్-2లో, కొందరు కొత్త ఎంపెగ్-4లో పంపేవాళ్లు. క్యామ్ ఉన్నా పాత బాక్స్ కొత్త బొమ్మను విప్పలేదు.

ట్రాయ్ దీన్ని మళ్లీ చేతిలోకి తీసుకుంది. 2020 ఏప్రిల్‌లో సిఫారసులు ఇచ్చింది. కేబుల్ అయినా డీటీహెచ్ అయినా బాక్సులు పరస్పరం పనిచేయాలి, అందుకు డీవీబీ సీఐ ప్లస్ 2.0 పద్ధతిని, అంటే యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్‌లా పెట్టే క్యామ్‌ను వాడాలి, టీవీల్లోనూ ఆ పోర్టు ఉండాలి అని. నేను ఆ సిఫారసులు చదివిన రోజు చాలా సంతోషపడ్డాను. నా ఉద్యోగ జీవితమంతా ఎదురుచూసినది అది. మన ఇళ్లల్లోకి మాత్రం ఇంకా రాలేదు.

ఎస్వీయూ హాస్టల్
మంగళవారం, సాయంత్రం 5:15

మా ఫ్రెండ్ ఒకడు చెప్పాడు, ఒక కార్డు సర్వర్‌లో పెట్టి ఇంటర్నెట్ ద్వారా చాలా బాక్సులకు ఆ కీ పంపే పద్ధతి ఉందట. అప్పుడు ఏ బాక్సయినా పనిచేస్తుంది కదా? శ్రీనిలయం అంకుల్‌కు అది సులభం అవుతుందేమో.

చిత్తూరు కేబుల్
మంగళవారం, సాయంత్రం 6:02

తమ్ముడూ, మంచి మనసుతోనే అడిగావని తెలుసు. కానీ ఆ జోలికి పోవద్దు, ఎవరికీ చెప్పవద్దు. అది దొంగతనం, చట్టప్రకారం నేరం. మ్యాచ్ చూస్తున్నప్పుడు తెర మీద ఒక మూల ఏదో నంబర్ ఒక క్షణం మెరిసి పోతుంది, చూశావా? దాన్ని ఫింగర్‌ప్రింట్ అంటారు. అది ఆ బాక్సుదో కార్డుదో నంబర్. దొంగ ప్రసారంలో ఆ నంబర్ కనిపిస్తే ఏ ఇంటి కార్డు నుంచి వచ్చిందో ఇట్టే తెలిసిపోతుంది. కార్డు ఒక్కటే కట్ చేసి ఊరుకోరు, ఆ ఏరియా ఆపరేటర్‌ను కూడా నిలదీస్తారు.

నా బాధ కూడా చెప్పుకోనివ్వండి. పై పోస్టుల్లో కంపెనీలు కంపెనీలు అంటున్నారు, చివరికి ఇంటి ముందు నిలబడేది మేమే. డిజిటల్ అన్నప్పుడు అప్పు చేసి 400 బాక్సులు తెచ్చాను. జనం ఒకేసారి 1500 కట్టలేరని వాయిదాల మీద ఇచ్చాను. కొందరు ఇచ్చారు, కొందరు ఇవ్వలేదు. తర్వాత ఫైబర్ వచ్చింది, చాలామంది ఇంటర్నెట్, టీవీ కలిపి వస్తుందని అటు వెళ్లారు. వెళ్లిన ఇళ్ల నుంచి తెచ్చిన బాక్సులు మా ఇంటి అటక మీద 130కి పైగా ఉన్నాయి. ఒక్కటీ పాడవలేదు. పక్క వీధి ఆపరేటర్ వేరే ఎంఎస్‌ఓ కింద ఉన్నాడు, అతనికి బాక్సులు కావాలి, నా దగ్గర మూలుగుతున్నాయి. ఇవ్వలేను, ఎందుకంటే అతని లైనులో అవి పనిచేయవు. వాటిని చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది. బాక్స్ మార్చుకోగలిగితే కస్టమర్ పోతాడని మేం భయపడతామని అనుకుంటారు. నా మట్టుకు నాకు ఆ భయం లేదు. సిగ్నల్ బాగా ఇచ్చి, పిలిస్తే పలికేవాడికి కస్టమర్ ఎందుకు పోతాడు?

మామిడితోట
మంగళవారం, రాత్రి 8:25

అన్నా, మీ మాట నన్ను కదిలించింది. నేను అక్కడి కంపెనీలను తిట్టానే గానీ వీధిలో లైను నడిపే మనిషిని తిట్టలేదు. ఒక్క విషయంలో మాత్రం పట్టుబడతాను. ఎంఎస్‌ఓలకు ఇష్టం ఉండాలని ఎదురుచూస్తే ఇది జరగదు. అమెరికాలో కార్డు బాగానే తయారైంది, దాన్ని తమ సొంత బాక్సుల్లో వాడాలన్న నిబంధన ఉన్నన్నాళ్లే కంపెనీలు దాన్ని కాస్త పట్టించుకున్నాయి. నిబంధన తీశారు, కార్డు పోయింది. ఇక్కడ కూడా స్లాట్ పెట్టమని చెప్పి ఊరుకుంటే డీటీహెచ్‌లో అయినట్టే అవుతుంది. క్యామ్ ధర ఎంత ఉండాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, ఫోన్ చేస్తే ఎవరు జత చేయాలి, ఇవన్నీ రాయాలి.

రిటైర్డ్ ట్రాన్స్‌మిషన్
మంగళవారం, రాత్రి 9:10

పూర్తిగా ఒప్పుకుంటాను. కార్డు బయటికి వచ్చినంత మాత్రాన మనిషికి మారే వీలు వచ్చినట్టు కాదు. మన బాక్సులోనూ కార్డు బయటికి వస్తుంది, వచ్చి ఏం లాభం? మారేటప్పుడు వెంట పట్టుకుపోగలగాల్సింది బాక్సును. ఇక్కడ వెంట వస్తున్నది కార్డు, ఆగిపోతున్నది బాక్స్.

చిత్తూరు కేబుల్ గారూ, మీ అటక మీది 130 బాక్సుల సంగతి ట్రాయ్ చర్చాపత్రం వచ్చినప్పుడు రాసి పంపండి. సామాన్యులూ ఆపరేటర్లూ కూడా అభిప్రాయం పంపవచ్చు. నేను ప్రతిసారీ పంపుతాను. అలాంటి లెక్క ఇంజనీర్ల వాదనకన్నా బలంగా ఉంటుంది.

పుత్తూరు అమ్మాయి
బుధవారం, ఉదయం 7:45

శ్రీనిలయం అంకుల్, ఇంతకీ నానమ్మగారి కల్యాణోత్సవం సంగతి ఏమైంది? అందరూ అమెరికా దాకా వెళ్లిపోయారు.

చిత్తూరు కేబుల్
బుధవారం, ఉదయం 8:30

అవును, అసలు పని మరిచిపోయాం. అన్నా, ఇలా చేయండి. పాత ఆపరేటర్ దగ్గరికి బాక్స్, అడాప్టర్, రిమోట్, కార్డు నాలుగూ తీసుకెళ్లండి. మీ పేరు మీద ఉన్న వీసీ నంబర్‌ను డీయాక్టివేట్ చేయించి, చేసినట్టు మెసేజ్ ఫోన్‌కు వచ్చే దాకా అక్కడే ఉండండి. లేకపోతే మీ పేరు మీద బాకీ పెరుగుతూ పోతుంది. బాక్స్ మీరు పూర్తిగా కొన్నదా, డిపాజిట్ మీద ఇచ్చిందా అన్నది రసీదులో ఉంటుంది. డిపాజిట్ అయితే అడగడం మీ హక్కు. కొత్త ఆయన దగ్గర బాక్స్ తీసుకునేటప్పుడు కూడా అదే అడిగి రాయించుకోండి.

అమ్మగారికి నెలనెలా డబ్బు కట్టే టెన్షన్ వద్దనుకుంటే దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ కూడా ఉంది, గొడుగు, బాక్స్ ఒకసారి కొంటే నెల చార్జీ లేదు. కానీ అమ్మగారు చూసే ఛానల్ అందులో వస్తుందో లేదో దుకాణంలో పెట్టించి చూశాకే కొనండి. నా వ్యాపారానికి నష్టమే అయినా చెబుతున్నాను.

ఇంకోటి, కొత్త బాక్సులో కార్డు ఉంటే ఊరికే తీసి పెట్టవద్దు. చిప్‌కు తడి, చెమట తగిలితే పాచి పడుతుంది. ఎప్పుడైనా "కార్డు పెట్టండి" అని వస్తే పవర్ ఆపి, కార్డు తీసి, పొడి మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టండి. నాకు వచ్చే ఫోన్లలో సగం దానికే తగ్గిపోతాయి.

శ్రీనిలయం
గురువారం, మధ్యాహ్నం 1:20

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న పాత ఆపరేటర్ దగ్గరికి వెళ్లాను. రసీదు ఉంది, కొన్నదే అని తేలింది కాబట్టి డబ్బు వెనక్కి రాదు. కానీ ఆయన మంచివాడు, అదే కంపెనీ లైనులో కొర్లగుంటలో ఎవరికో బాక్స్ కావాలని, నా బాక్సూ కార్డూ ఆ పేరుకు మార్పించి 600 ఇప్పించాడు. అంటే కంపెనీ ఒకటే అయితే మారుతుంది! నా ఎదురుగానే ఫోన్‌లో రెండు నంబర్లూ చదివాడు. మామిడితోట గారి శనివారం గుర్తొచ్చి, రెండుసార్లు చదవమన్నాను.

కొత్త బాక్స్ ఈ రోజు పదింటికి పెట్టారు, కార్డు లేని రకం. పదిన్నర దాటినా బొమ్మ రాలేదు. మా అబ్బాయి ఆఫ్ చేసి ఆన్ చేద్దామంటే, ఆన్‌లోనే ఉంచరా, మన ఉత్తరం ఇంకా రాలేదు అన్నాను. 11:40కి వచ్చింది. 12 గంటలకు అమ్మ కుర్చీ టీవీ ముందుకు జరుపుకుంది.

టీవీ వెనక ఉన్న ఆ స్లాట్‌లో దుమ్ము పోకుండా చిన్న అట్టముక్క పెట్టాను. ఎప్పటికైనా దాంట్లో పెట్టేది వస్తే ఇక్కడే రాస్తాను.